ఎర్రగుట్టను బంజరన్న కరియప్ప

మంచి మేత కనబడితే దాన్ని దాచుకోవడానికి ఎంత అబద్ధమైనా ఆడే కరియప్ప అనే గొర్రెల కాపరి ఎర్రగుట్ట కింద పల్లెలో ఉండేవాడు.

గుట్ట సర్కారుది. అయినా తాతల కాలం నుంచి కరియప్ప వాళ్ళ మందే దాని అవతలి వాలులో మేసేది. రోడ్డు మీద పోయేవాళ్ళకు ఆ వాలు కనబడదు. నాలుగు వానలు పడితే చాలు, అక్కడ గడ్డి మోకాలెత్తు లేచేది. మేత బాగుందని పైకి అంటే దిష్టి తగులుతుందని కాపరుల్లో ఒక పట్టింపు ఉంది. అందుకని అందరూ "ఏదో ఉందిలే" అని ఊరుకునేవారు. కరియప్ప అంతటితో ఊరుకుంటేగా!

ఒక కరువు ఏడు పక్క ఊరి సుంకన్న అతని గుమ్మంలోకి వచ్చాడు. వరసకు అల్లుడు. "మామా, నా మంద ఎండు కంప నములుతా ఉంది. మీ గుట్ట అవతల కొన్నాళ్ళు మేపుకోనీ" అని బతిమాలాడు.

"ఏముందిరా ఆడ? రాళ్ళు తప్ప పోచ లేదు. నడిచిన నడక దండగ" అన్నాడు కరియప్ప.

మామ మాట నమ్మి సుంకన్న వెనక్కి పోయాడు. ఆ ఏడు అతని మందలో సగం చచ్చింది. కరియప్ప గొర్రెలు మాత్రం పొట్టలు నింపుకుని నెమరేస్తూ పడుకున్నాయి. పోనీ, అయ్యో అనైనా అనుకున్నాడా? "నా జాగ్రత్త నాది" అనుకున్నాడు. చెబుతుంటేనే ఒళ్ళు మండుతోంది!

ఆ తర్వాత ఒక మండు వేసవిలో సర్కారు మనుషులు జీపులో వచ్చారు. ఏ నేల అడవి, ఏ నేల పొద, ఏది గడ్డి నేల, ఏది బంజరు అని దేశమంతా తేల్చి పటం గీస్తున్నారట. వాళ్ళకు పెద్ద ప్రసూన అనే అధికారిణి. దారిలో కలిసిన సుంకన్నను ఆమే జీపు ఎక్కించుకుని వచ్చింది.

ఆమె గుట్ట పైకెక్కి అవతలి వాలు చూసి, కరియప్పను అక్కడికి పిలిచింది. "పెద్దయ్యా, ఆకాశం నుంచి తీసిన ఫోటోలో ఈ వాలంతా గోధుమరంగుగా ఉంది. ఎండిన గడ్డి నేలా అదే రంగు, ఏమీ మొలవని బంజరూ అదే రంగు. అందుకే అడగడానికి వచ్చాను. వానలు పడితే ఇక్కడ గడ్డి వస్తుందా?"

కరియప్ప నోరు తెరిచాడు. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో ఇవతల, గుట్ట కింద జీపు పక్కన నిలబడ్డ సుంకన్న కంటపడ్డాడు. ఇప్పుడు ఉందంటే, వానలు పడగానే వాడి మంద ఇక్కడే వాలుతుంది!

"ఉత్త బంజరమ్మా. ఏమీ మొలవదు" అన్నాడు.

"మరి ఈ దుబ్బులు?"

"అది పిచ్చి గడ్డి తల్లీ. గొర్రె మూతి కూడా పెట్టదు."

ఆమె ఇంకోసారి అడిగింది. ఇంకోసారీ అదే చెప్పాడు. పటంలో ఎర్రగుట్ట బంజరైంది.

ఇంటికొచ్చి తన తెలివికి తానే మురిసిపోయి, ఆ ముచ్చట పెళ్ళాం మారెక్కకు చెప్పాడు. ఆమె నెత్తి కొట్టుకుంది. "సర్కారోళ్ళతో కూడానా ఈ మాయ మాటలు?" అని కసిరింది. అతను నవ్వి ఊరుకున్నాడు.

మొదటి వానకే యంత్రాలు దిగాయి. బంజరంతటా నీలగిరి చెట్లు నాటాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. చుట్టూ కందకం తవ్వి ముళ్ళ కంచె వేస్తున్నారు. కరియప్ప పరుగెత్తుకుంటూ పోయి యంత్రానికి అడ్డం పడ్డాడు. "ఇది మేత నేల! నా మంద కడుపు కొట్టొద్దు!" అని కేకలు పెట్టాడు.

ప్రసూన వచ్చింది. ఆమె మొహం కోపంతో జేవురించింది. "ఇంత ఎండలో గుట్టెక్కి రెండుసార్లు అడిగాను కదా! నాతో ఎందుకు అబద్ధమాడావు?" అంది. తర్వాత కొంచెం తగ్గి, "మొదటి వానకు ఏ బీడైనా పచ్చబడుతుంది. ఇది మేత నేలేనని పక్క ఊరి కాపరి ఒక్కడు చెప్పినా పని ఆపిస్తాను" అంది.

కరియప్ప సుంకన్న దగ్గరికి పరుగెత్తి, చేయి పట్టుకుని లాక్కొచ్చాడు. "చెప్పరా అల్లుడూ! ఇక్కడ గడ్డి ఎట్లుంటాదో చెప్పు!"

సుంకన్న వాలు వంక చూశాడు. అప్పుడే లేస్తున్న పచ్చిక చూశాడు. అతనికి అంతా అర్థమైంది. కళ్ళు ఎర్రబడ్డాయి.

"ఇంత మేత పెట్టుకుని నా గొర్రెల్ని చంపితివా మామా? ఈనబోయే గొర్రెలు నా కళ్ళ ముందే కూలబడి చచ్చినాయి! ఆ పొద్దు పోచ లేదంటివే, ఈ పొద్దు ఏ నోటితో అడుగుతావు?" అని అరిచాడు. తర్వాత ప్రసూన వైపు తిరిగాడు. "అమ్మా, నేను ఈ వాలులో ఎన్నడూ మేపలేదు. ఈయన మేపనియ్యలేదు. చూడని దాన్ని చూసినానని చెప్పలేను. అబద్ధాలు ఆయన పని, నా పని కాదు."

మిగతా ఊళ్ళ కాపరులూ అదే మాట అన్నారు. వాళ్ళకూ కరియప్ప చెప్పింది అదే మరి! ఎవరూ పగబట్టి అనలేదు. ఉన్నమాటే చెప్పారు. ప్రసూన ఇక ఏం చేస్తుంది? యంత్రాలు మళ్ళీ కదిలాయి.

ఏడాది తిరగకుండానే కరియప్ప మందంతా సంతకు పోయింది. చివరి గొర్రెను తోలిన రోజు మారెక్క తాడు విసిరికొట్టింది. "పక్కోడి కడుపు కొట్టడానికి ఆడిన మాట, మన కడుపే కొట్టింది. ఇప్పుడు తృప్తి అయ్యిందా నీకు?" అని అరిచింది.

పక్కవాడికి దక్కకూడదని మనకున్న మంచిని చెడ్డదని చాటితే, లోకం ఆ మాటే నమ్ముతుంది, ఆఖరికి ఆ మంచి మనకూ దక్కదు.