గోడ అవతల పేజీల చప్పుడు

వకుళాదేవి గారికి ఒక అలవాటు ఉండేది. ఎవరు ఏ ప్రశ్న అడిగినా, జవాబు చెప్పే ముందు, "ఎవరిని మనసులో పెట్టుకుని అడుగుతున్నావు?" అనేవారు. ఎవరూ లేరండీ, ఊరికే తెలుసుకుందామని, అంటే ఆ రోజుకి జవాబు ఉండేది కాదు. మా యూనివర్సిటీలో విద్యార్థుల కౌన్సెలింగ్ కేంద్రం ఆవిడ చేతుల మీదుగానే మొదలైంది. రిటైరయ్యాక కూడా వారానికోసారి వచ్చి, అక్కడ కొత్తగా చేరిన మా ఐదుగురికీ పని నేర్పేవారు.

ఒక గురువారం, మాలో ఎప్పుడూ తక్కువ మాట్లాడే యోహాను నోరు విప్పాడు.

"మేడం, ఎదుటివాళ్ల మాటల్లో మనకి అనుమానం తగిలిందనుకోండి. చచ్చిపోవాలని ఉందా అని సూటిగా అడగొచ్చా? అడిగితే, లేని ఆలోచన మనమే పెట్టినట్టు అవదా?"

"ఎవరిని మనసులో పెట్టుకుని?"

"ఫార్మసీ మొదటి సంవత్సరం విద్యార్థి మేడం. మూడుసార్లు వచ్చాడు. అటెండెన్స్ గురించి తప్ప ఇంకేం మాట్లాడడు. అడుగుదామని ప్రతిసారీ అనుకుంటాను. భయమేసి ఊరుకుంటాను."

దానికి జవాబుగా ఆవిడ ఈ సంగతి చెప్పారు. నేను విన్నది విన్నట్టు రాస్తున్నాను.

అప్పటికి కౌన్సెలింగ్ కేంద్రం లేదు. ఆవిడ సైకాలజీ లెక్చరరు. అమ్మాయిల హాస్టల్లో డిప్యూటీ వార్డెన్ పని కూడా అప్పగించారు. ఆ ఏడాది ఫిబ్రవరిలో, కింది అంతస్తు పద్దెనిమిదో నంబరు గదిలో ఉండే సింధూర అనే అమ్మాయి ప్రాణం తీసుకుంది. వారం తిరక్కుండానే గదికి తాళం వేశారు. తలుపు మీద నంబరు కనిపించకుండా రంగు పూశారు. హాజరు పట్టీ కొత్తగా రాయించారు. పదిహేడు తర్వాత పందొమ్మిది. సంతాప సభ పెడదామని వకుళాదేవి గారు అంటే వార్డెన్ మంగతాయారు గారు ఒప్పుకోలేదు. ఆవిడ చెడ్డ మనిషి కాదు, భయపడిన మనిషి. "ఆ పేరెత్తకండి వకుళా. పేరెత్తితే మిగతా పిల్లలకి కూడా పాకుతుంది" అన్నారు. ఎవరూ ఎత్తలేదు. పిల్లలు ఆ తలుపు దగ్గరికి వచ్చేసరికి మాటలు ఆపేసి, వరండాకి అవతలి వైపు నుంచి నడిచి, దాటాక మళ్లీ మాట్లాడుకునేవారు. ఎవరూ నేర్పకుండానే అందరూ అలాగే నడిచేవారు.

ఏప్రిల్‌లో చదువుకోవడానికి సెలవులిచ్చారు. పందొమ్మిదో గదిలో ఉండే పైడితల్లి ఒక రోజు మధ్యాహ్నం, గది మార్చమని కాగితం పట్టుకుని వచ్చింది. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ రెండో సంవత్సరం. సాలూరు అవతల నుంచి వచ్చిన పిల్ల. కారణం అడిగితే ముందు ఎండంది, తర్వాత దోమలంది.

"పక్క గదిలో ఎవరో చదువుకుంటున్నారు మేడం" అంది చివరికి.

"అది తాళం వేసిన గది కదమ్మా."

"అవును మేడం. భోజనాలయ్యాక, రెండింటికి మొదలవుతుంది. పేజీలు తిప్పుతారు. మొదట్లో వాళ్లంతట వాళ్లు తిప్పేవారు. ఇప్పుడు నేను ఇటు తిప్పితే అటు తిప్పుతున్నారు. నేను ఆపితే ఆపుతున్నారు. నిన్న నేను పుస్తకం మూసేశాను. అవతల కూడా మూసిన చప్పుడు వినిపించింది."

ఆ మాటలు ఆ పిల్ల భయంగా చెప్పి ఉంటే తను కూడా ఎలకలనో గాలి అనో సర్దిచెప్పి పంపేదాన్నేమో అన్నారు వకుళాదేవి గారు. పైడితల్లి గొంతులో భయం లేదు. బాగా తెలిసిన మనిషి గురించి చెబుతున్నట్టు చెప్పింది.

మర్నాడు ఆవిడ భోజనమవగానే వెళ్లి పైడితల్లి గదిలో కూర్చున్నారు. ఎండకి హాస్టలంతా అలికిడి లేకుండా ఉంది. రెండయింది. పైడితల్లి ఒక పేజీ తిప్పింది. ఆవిడ చెవి గోడకి ఆనించారు. వినబడిందో, వినబడుతుందని అనుకోవడం వల్ల అలా అనిపించిందో, ఇప్పటికీ తేల్చుకోలేకపోయానన్నారు. చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్న సంగతి మాత్రం నిజమన్నారు.

అక్కణ్ణించి లేచి తాళంచెవి అడిగి తెచ్చారు. మంగతాయారు గారు వద్దు వద్దంటూనే వెంట వచ్చారు. పైడితల్లి కూడా వచ్చింది.

గది తెరిస్తే వేడిగాలి మొహాన కొట్టింది. ఖాళీ మంచం, మూసిన కిటికీ, ఫిబ్రవరి దగ్గరే ఆగిన క్యాలెండరు. నేల మీద దుమ్ము మందంగా పేరుకుంది. దాని మీద మనిషి అడుగు కాదు కదా, పురుగు పాకిన జాడ కూడా లేదు. పుస్తకం అన్నది ఒక్కటీ లేదు.

"చూశావుగా, ఏమీ లేదు" అన్నారు మంగతాయారు గారు, గుమ్మం బయటి నుంచే.

పైడితల్లి దేన్నీ చూడలేదు. ఎన్నోసార్లు వచ్చిన చోటికి వచ్చినట్టు తిన్నగా లోపలికి నడిచి, ఆ మంచం అంచున కూర్చుంది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. మొహం చాలా ప్రశాంతంగా ఉంది.

"ఇక్కడ బాగుంది మేడం" అంది.

చెవి గోడకి ఆనించినప్పుడు కూడా తనకి అంత భయం వెయ్యలేదట. మంగతాయారు గారు గుమ్మంలోంచి, ఏమీ అనకండి, బయటికి తీసుకొచ్చెయ్యండి అని సైగ చేస్తున్నారు. వకుళాదేవి గారికి కూడా ఆ పిల్లని రెక్క పట్టుకుని లాక్కొచ్చి, గది మార్చేసి, ఇంక ఆ సంగతి ఎత్తకుండా ఉండాలనే అనిపించింది. కాళ్లు మాత్రం ముందుకే నడిచాయి. వెళ్లి ఆ దుమ్ములోనే పక్కన కూర్చున్నారు.

"పైడితల్లీ, చచ్చిపోవాలని ఉందా నీకు?"

"అయ్యయ్యో! అవేం మాటలండీ!" అని మంగతాయారు గారు అరిచినంత పని చేశారు.

పైడితల్లి ఉలిక్కిపడలేదు. నేలకేసి చూస్తూ చెప్పింది. అప్పటిదాకా పుస్తకాల్లో రాసినట్టు మాట్లాడిన పిల్లకి ఒక్కసారిగా ఊరి మాట వచ్చేసింది.

"ఔను మేడం. సానా రోజుల్నించి. సింధూర పోకముందు నించే ఉంది. ఎవులికీ సెప్పనేదు. ఎవులూ అడగనేదు."

అన్నాక ఏడుపు మొదలైంది. ఆ ఏడుపు చాలాసేపు ఆగలేదు. వకుళాదేవి గారు ధైర్యం చెప్పలేదు, బుద్ధి చెప్పలేదు, అమ్మానాన్నల్ని గుర్తు చెయ్యలేదు. ఎప్పటినుంచి, ఎంత తరచుగా, ఏం చేద్దామనుకుంటున్నావు అని నెమ్మదిగా ఒక్కొక్కటే అడిగారు. కారణం ఒక్కటి కాదు. తప్పిన రెండు పేపర్లు, నెలల తరబడి పట్టని నిద్ర, ఊళ్లో అప్పుడే ఆ పిల్లని లెక్చరరమ్మ అని పిలవడం, పిలిచిన ప్రతిసారీ తను మోసం చేస్తున్నట్టు అనిపించడం. విని, ఆ పిల్లని ఆ సాయంత్రం ఒక్క నిమిషం ఒంటరిగా వదల్లేదు. ఎవరికి చెబితే నీకు బాగుంటుంది అని అడిగితే అక్క పేరు చెప్పింది. పొద్దుపోకముందే అక్కకి ఫోన్ చేశారు. తెల్లారి ఇద్దరినీ మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లారు. అక్క నెలరోజులు హాస్టల్లోనే ఉండిపోయింది. దానికి అనుమతి ఇచ్చింది మంగతాయారు గారే. పైడితల్లి ఆ ఏడు పరీక్షలు రాయలేదు, పై ఏడు రాసింది. నడుమ రెండుసార్లు మళ్లీ చీకటి కమ్మింది. రెండుసార్లూ తనే వచ్చి చెప్పింది. ఇప్పుడు పార్వతీపురంలో ఉద్యోగం చేస్తోంది, ఒక కూతురు.

ఇంతవరకూ చెప్పి ఆవిడ ఆగారు. అయిపోయిందనుకున్నాం. అవలేదు.

పైడితల్లిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లొచ్చిన మర్నాటి నుంచి ఆవిడ ఆ గదికి తాళం వెయ్యనివ్వలేదట. కిటికీలు తెరిపించి, నేల కడిగించి, తలుపు మీద పద్దెనిమిది అని మళ్లీ రాయించి, రోజూ రెండింటికి ఒక కుర్చీ వేసుకుని కూర్చునేవారు. పైడితల్లి తన సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. మంగతాయారు గారు చెప్పే మనిషే కాదు. మూడో రోజు పై అంతస్తు నుంచి ఒక అమ్మాయి దిగి వచ్చి, గుమ్మంలో నిలబడి, కాసేపు పరీక్షల గురించి మాట్లాడింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది.

"మేడం, మా గదికి అటు పక్క వేరే గది లేదు కదా, మెట్లే కదా. మరి మధ్యాహ్నం పూట ఎవరో పేజీలు తిప్పుతున్నట్టు ఎందుకు వినిపిస్తోంది?"

మర్నాడు ఇద్దరు, విడివిడిగా వచ్చారు. ఒకామె కొత్త బ్లాకులో ఉంటుంది, సింధూరని ఎన్నడూ చూడలేదు. వారం తిరిగేసరికి ఎనిమిది మంది. ప్రతి ఒక్కరూ అది సెలవులు మొదలైనప్పటి నుంచీ తమ ఒక్కరికే వినిపిస్తోందని అనుకున్నవాళ్లే. నవ్వుతారని దాచుకున్నవాళ్లే. ఒక్కొక్కరినీ ఆవిడ పక్కన కూర్చోబెట్టుకుని పైడితల్లిని అడిగిన మాటే అడిగారు. కొందరు కాదన్నారు. అందరూ కూర్చున్నారు. ఆ గదిలో రెండు నెలల తర్వాత మొదటిసారి అందరి నోటా సింధూర పేరు వినబడింది. సింధూర చారులో ఉప్మా కలుపుకుని తినేదని ఎవరో అంటే, అందరూ నవ్వి, అందరూ ఏడ్చారు.

యోహాను ముందుకు వంగి అడిగాడు.

"మేడం, ఇంతకీ ఆ చప్పుడు నిజంగా ఉండేదా?"

వకుళాదేవి గారు కళ్లజోడు తీసి చీరకొంగుతో తుడుచుకున్నారు.

"తొమ్మిది మంది విన్నారు యోహానూ. మొదట నేను అడిగింది మాత్రం పైడితల్లి ఒక్కదాన్నే."