ఉడుమవ్వ తాగని నీళ్లు

రాళ్లగుట్ట అడవిలో ఆ ఏడాది వాగులు ఎండాయి, కుంటలు ఎండాయి, మిగిలింది ఒక్క మడుగు. ముసలి పులి పోయాక ఆ అడవికి రాజు లేడు. రాజుకు బదులు జంతువులన్నీ కలిసి ఒక కట్టు పెట్టుకున్నాయి. మడుగు చుట్టూ ఉన్న తెల్లరాళ్ల లోపల ఎవరూ ఎవరి మీదా పడకూడదు. నీళ్లు అందరివి. మడుగుకు కావలి పున్నమి పున్నమికి మారాలి.

ఈ కట్టులో ఏదైనా మార్చాలంటే, మార్చమన్నవాడు అందరినీ పిలిచి అడగాలి. ఒప్పుకున్నవాళ్లు వంగి నీళ్లు తాగాలి. ఒప్పుకోనివాళ్లు ఆ పూటకు తాగకుండా తెల్లరాళ్లు దాటి వెళ్లిపోవాలి. ఎక్కువమంది ఎటైతే అదే మాట. అడిగినవాడు మాత్రం అందరూ తేల్చాకే, ఆఖర్న తాగాలి. ముందే మూతి పెట్టాడా, అడిగిందీ పోతుంది, వాడి కావలీ పోతుంది.

ఈ కట్టు పెట్టిననాడు అడవి నిండా నీళ్లే. ఇక్కడ కాదన్నవాడు పోయి పక్క కుంటలో తాగేవాడు. ఇప్పుడు పక్క కుంట లేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు. నక్కకు తట్టింది.

ఆ నెల కావలి నక్కదే. మర్నాడు పున్నమి. దిగిపోవాలి. ఆ పొద్దున నక్క మడుగుకు అడ్డం కూర్చుని, "నీళ్లు బురదగా ఉన్నాయి, తేరనివ్వండి" అని వచ్చినవాళ్లను వచ్చినట్టే ఆపింది. ఎండ నడినెత్తికి ఎక్కేసరికి అడవి అంతా అక్కడే ఉంది. అందరి నాలుకలూ బయటే ఉన్నాయి. దుప్పి పిల్ల తల్లి కాళ్ల మధ్య కూలబడింది.

అప్పుడు నక్క మడుగు అంచున ఉన్న బండ ఎక్కింది.

"అన్నలారా, అక్కలారా! రోజులు బాగాలేవు. పక్క అడవివాళ్లు మన మడుగు మీద కన్నేశారట. ఇలాంటప్పుడు నెలకొక కావలి అంటే ఎలా? వానలు పడేదాకా నేనే ఉంటాను. ఎవరు ముందు తాగాలో, ఎవరు అసలు రాకూడదో కావలి చెప్పినట్టు జరగాలి. అంతా మీ మంచికే. సరేనన్నవాళ్లు తాగండి. కాదన్నవాళ్లకు దారి అదిగో."

బండ కింద నీడలో ముసలి ఉడుము ఇదంతా వింటోంది. దాన్ని అందరూ ఉడుమవ్వ అంటారు. ఎవరైనా మంచిమాట చెబితే ముందు వాడి కాళ్లవైపు చూడటం దానికి అలవాటు. పక్క అడవివాళ్లను చూసినవాడెవడు? అడగాల్సిన మాట పొద్దున్నే చల్లటి వేళ ఎందుకు అడగలేదు? కిందటి నెల నక్క తెల్లరాళ్ల లోపలే కుందేలుకు మాటు వేస్తే నలుగురిలో బయటపెట్టింది ఉడుమవ్వే. ఇప్పుడు ఈ మాట నెగ్గితే ముందుగా నీళ్లు మూసుకుపోయేది తనకే.

అది ఆలోచిస్తుండగానే అడవిపంది మడుగులోకి దూకింది. వెనకే కొండముచ్చు, కుందేళ్లు, నెమళ్లు. దుప్పి ఒక్క క్షణం నిలబడి, కూలిన పిల్లను చూసి, తలదించి దాన్ని నీళ్లదాకా నెట్టుకెళ్లింది.

నక్క పళ్లు కనిపించాయి. "అందరూ అయినట్టేనా?"

"నేనున్నాను నాయనా," అంది ఉడుమవ్వ బయటికి వస్తూ.

"తాగవ్వా మరి, ఎవరు వద్దన్నారు?"

"తాగను."

"అయితే వెళ్లిపో."

"వెళ్లను. ఆలోచిస్తున్నాను." ఉడుమవ్వ బండ ఎక్కి నాలుగు కాళ్ల గోళ్లూ పగుళ్లలోకి దించింది.

"ఎంతసేపు?"

"కట్టులో దానికి గడువు లేదే. పెద్ద సంగతి అడిగావు, పెద్దగానే ఆలోచించాలి కదా."

కొండముచ్చు కిచకిచా నవ్వింది. అడవిపందికి మాత్రం ఒళ్లు మండింది. "ఏం ముసల్దానా, నీ ఒక్కదానికోసం మేమంతా నిలబడాలా? రాతిమీద బతికేదానివి, నీకేం తెలుసు దాహం!"

"నాకూ గొంతు ఎండిపోయింది పంది మామా. అందుకే ఇప్పుడు నా నోట వచ్చే 'సరే' మీద నాకే నమ్మకం లేదు. నువ్వు తాగావు కదా, చెప్పు. వానలదాకా నక్కే కావలి ఉండాలని తాగావా, దప్పికై తాగావా?"

పంది నక్క వైపు చూసింది.

"దప్పికైతే ఏం, ఒప్పుకున్నట్టే!" అంది నక్క గబగబా. "తాగినవాళ్లు ఇంతమంది. నువ్వు ఒక్కదానివి."

"ఒక్కదాన్నే. ఒక్కదాన్నీ అడగకుండా తేలదనే కదా కట్టు. అవునుగాని, నీళ్లు తేరాలని పొద్దుట్నించీ ఎవర్నీ దిగనివ్వలేదు కదా. నీ గడ్డానికి ఆ ఎండిన బురద ఎక్కడిది?"

అందరూ నక్క గడ్డం వైపు చూశారు. నక్క ముంగాలితో తుడుచుకుంది. తుడుచుకున్నాక ఇంకా బాగా చూశారు.

"రాత్రి పడుకున్నప్పుడు అంటింది."

"తడి బురదలో పడుకుంటావా? మాకెవరికీ పొడి నేల తప్ప దొరకడం లేదే!" అంది దుప్పి. అది నోరు విప్పడం ఆ నెలలో అదే మొదలు.

నక్క వాళ్లకు నచ్చజెప్పడం మొదలుపెట్టింది. బండకు ఈ చివరన పందితో మాట్లాడింది. ఆ చివరకు పరుగెత్తి నెమళ్లతో మాట్లాడింది. పక్క అడవివాళ్ల కోరలు ఎంత పొడుగో చెప్పింది. చెబుతున్నకొద్దీ కోరలు పొడుగవుతున్నాయి. పొద్దున తాగిన నీళ్లు ఎప్పుడో ఇగిరిపోయాయి. బండ పెనంలా కాలుతోంది. నక్క గొంతు గరగరలాడింది. మధ్యమధ్య వచ్చి, "తేలిందా అవ్వా?" అని అడిగింది.

"సగం తేలింది," అంది ఉడుమవ్వ, కళ్లు సగం మూసి.

నక్క అరిచి చూసింది, బతిమాలి చూసింది. "నువ్వు మాత్రం ఎప్పుడు కావాలంటే అప్పుడు తాగొచ్చు, నీకు నేను అడ్డు చెప్పను," అని చెవిలో ఆశ పెట్టింది.

"అడ్డు చెప్పకపోవడానికి నువ్వెవరివి? నీళ్లు నావి కూడా," అంది ఉడుమవ్వ పైకే.

పొద్దు వాలుతుండగా గాలి మడుగు మీదినుంచి వీచింది. చల్లటి నీటి వాసన. నక్క మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయింది. కళ్లు నీళ్ల మీదికి పోయాయి. ఒక్క గుక్క, ఎవరు చూస్తారులే అనుకుంది. మూతి వంచింది. ఒక్క గుక్కతో ఆగలేదు. చప్పరిస్తూ, కళ్లు మూసుకుని తాగేసింది.

"తాగింది! అడిగినది ముందు తాగింది!" అని చెట్టు మీదినుంచి కొండముచ్చు కేక పెట్టింది.

నక్క తల ఎత్తేసరికి అందరూ దాన్నే చూస్తున్నారు. "దప్పికయ్యి తాగాను," అంది నీళ్లు కారుతున్న నోటితో.

"వాళ్లూ అందుకే తాగారు," అంది ఉడుమవ్వ.

కావలి పోయింది, అడిగిందీ పోయింది. పంది ఉత్సాహంగా ముందుకొచ్చి, "అవ్వా, నీలాంటిది దొరకదు. ఇక ఎప్పటికీ నువ్వే కావలి!" అంది.

"నోర్ముయ్! పొద్దుట్నించీ గోళ్లు అరగదీసుకున్నది ఆ మాట వినడానికా?"

"పోనీ ఈ నక్కను మడుగుకు రాకుండా తరిమేద్దాం," అంది దుప్పి.

"అది అడిగింది అదే కదా, నచ్చనివాళ్లను రానివ్వొద్దని. మనం చేసిపెడదామా? దాని వంతు నీళ్లు దానికి ఉంటాయి. ఇప్పుడు నేనొకటి అడుగుతాను. ముందు అందరూ కడుపునిండా తాగండి. ఇది ఒప్పుదల కాదు, ఉత్త నీళ్లు."

అందరూ తాగారు. అప్పుడు ఉడుమవ్వ అడిగింది. ఇకమీదట ఏ మాటైనా అందరూ తాగాకే అడగాలి, ఒప్పుకున్నవాళ్లు బండకు కుడివైపు, ఒప్పుకోనివాళ్లు ఎడమవైపు నిలబడాలి. అడవి కుడివైపుకు కదిలింది. నక్క ఒక్కటే ఎడమవైపు నిలబడింది. దాన్ని ఎవరూ ఏమీ అనలేదు.

అడిగింది తను కాబట్టి ఉడుమవ్వ అన్నీ తేలాక బండ దిగి, ఆఖర్న తాగింది.

దాహాన్ని అడ్డం పెట్టుకుని రాబట్టిన 'సరే' ఎంతమంది నోట వచ్చినా ఒప్పుదల కాదు.