నక్క తెచ్చిన ఊదా పువ్వు

ఊరికి దూరంగా ఒక చెరువు, దాని నడుమ తుమ్మదిబ్బ. చుక్కి అనే బాతు ఏటా ఆ దిబ్బ మీదే గుడ్లు పెట్టేది. నీళ్లంటే జడిసే నక్క గట్టు మీద తిరుగుతూ గుటకలు మింగేది.

ఒకనాడు నక్క ఊళ్లోని ఒక బంగళా తోటలోని నీళ్లతొట్టి నుంచి ఒక మొక్కను కరుచుకొచ్చింది. ఆ బంగళావాళ్ల సంగతి చెప్పాలంటే, ఎక్కడో దూరదేశంలో పుట్టిందైతే తప్ప వాళ్ల కంటికి పువ్వు పువ్వులా ఆనదు. గుమ్మం పక్కనున్న నందివర్ధనాన్ని పీకించి మరీ ఆ తొట్టి కట్టించారు. సరే, నక్క దగ్గరికొద్దాం.

“నీ దిబ్బ బోసిగా ఉందమ్మాయ్. ఇది పెంచుకో” అంటూ మొక్కను నీళ్లలోకి విసిరింది.

ఊదారంగు పువ్వు, పై రేక మీద నెమలికన్నులా పసుపు మచ్చ. చుక్కి మురిసిపోయింది.

వానలు వెళ్లేసరికి చెరువంతా పువ్వులే. నీళ్లు కనపడవు, ఈదడానికి దారి లేదు, చేపపిల్ల దొరకదు. పొట్ట కింద గుడ్లు.

“చాప పరిచినట్టుంది. రేపు చూడ్డానికొస్తా” అంది నక్క, పళ్లికిలించి.

సాయంత్రం నీళ్లు తాగడానికి వచ్చిన ముసలి గేదె బుచ్చక్క గట్టు మీదే ఆగిపోయింది.

“దీన్నెవరు తెచ్చారే?”

“నక్క మామ. పువ్వు బాగుందని నేనే ఉంచుకున్నాను అత్తా.”

“పైన పువ్వు చూశావు. కింద చూశావా? మునగడం తెలిసిన జాతిదానివి, ఒక్కసారి మునిగి చూడలేకపోయావూ?”

మాట గుచ్చుకుంది. చుక్కి మునిగి చూసి వచ్చింది.

“కాడ బుడగలా ఉబ్బి ఉందత్తా. కొరికితే లోపలంతా గాలే. వేరు మట్టిని తాకనే లేదు. ప్రతి మొక్కా పక్కకో తీగ చాచి పిల్లను పెడుతోంది.”

“గుర్రపుడెక్క అంటారు దాన్ని. ముక్క మిగిలినా మళ్లీ చెరువు నిండుతుంది. గాలి మీద తేలేది ఎంత బరువు మోస్తుందో ఇక నువ్వే ఆలోచించుకో.”

తెల్లారింది. నక్క ఒక కాలు ముందుకు చాచి తటపటాయించింది. “ఆగుతుందంటావా అమ్మాయ్?”

“కొంగ నడవడం లేదూ మామా? నీకంటే పొడుగు కూడాను.”

నక్క ఉరికింది. సగం దారిలో బుడుంగున దిగబడింది. వేళ్లు కాళ్లకు చుట్టుకున్నాయి.

“ఇది నేల కాదే!”

“తెచ్చింది నువ్వేగా. కింద చూసుకోలేదా మామా?”

నక్క ఎలాగో గట్టెక్కి, చెవికి చిక్కుకున్న పువ్వుతోనే పారిపోయింది. మళ్లీ ఆ ఛాయలకు రాలేదు.

బుచ్చక్క కొమ్ములతో మొక్కల్ని గట్టు మీదికి లాగి ఎండేసింది. చుక్కి ముక్కముక్కా వెతికి తెచ్చింది. పిల్లలు పుట్టాక వాటిని తేటనీళ్లలో ముందుగా గేదె దగ్గరికే తీసుకెళ్లింది.

“మీ బామ్మ. ఈవిడ తిట్లే మిమ్మల్ని బతికించాయి. తల వంచండి.”

“చాల్లే. మునిగింది నువ్వే కదా” అంటూ బుచ్చక్క ముఖం తిప్పుకుంది, చెవులు మాత్రం ఆడిస్తూ.

నీతి: అందమైనదాన్ని తెచ్చిచ్చేవారి కన్నా, దాని వేరు చూడమని మందలించేవారే మనవాళ్లు.