చూపుల కోసం మెరిసిన కొరమేను

కథ చెప్పడంలో నన్ను మించినవాడు ముల్లోకాల్లో లేడు. ముల్లోకాలూ తిరిగి చూశావా అని మాత్రం అడగకండి. నేను చూసింది ఒకటే గది. దానికి నాలుగు గోడలూ గాజువే. అయినా మాట మాటే. వినండి.

అనగనగా అనేంత పాతకాలంలో కాదు, అందులో సగం పాతకాలంలో, సముద్రపు ఒడ్డున వీరగంభీరుడనే రాజు ఉండేవాడు. పక్క రాజ్యంలో ఏనుగుల వనం ఉండేది. సెలవులు వస్తే చాలు, వీరగంభీరుడి ప్రజలంతా బళ్ళు కట్టుకుని అక్కడికే పోయేవారు. రాజుకి కడుపు మండింది.

"వాడికి ఏనుగులుంటే నాకు చేపలు లేవా?" అన్నాడు.

అని, కోట పక్కనే చేపల మేడ కట్టించాడు. నిండా గాజు తొట్టెలు, తొట్టెకో రకం చేప. ఇక చూడండి! పులిహోర పొట్లాలతో, చంకలో పిల్లలతో, చేతికర్రల తాతలతో ఊళ్ళకు ఊళ్ళు దిగాయి.

గుమ్మానికి కుడివైపు తొట్టెలో పసిడి అనే బంగారు చేప ఉండేది. ఎడమవైపు తొట్టెలో కొమరయ్య అనే కొరమేను ఉండేవాడు. పసిడిది మెరిసే ఒళ్ళు. కొమరయ్యది బురద రంగు. పసిడి తొట్టెలో ముత్యాల్లాంటి గులకరాళ్ళు. కొమరయ్య తొట్టెలో జానెడు బురద, ఒక ఎండుకర్ర, ఒక నత్త.

వచ్చినవాళ్ళందరూ గుమ్మం దాటగానే కుడివైపు తిరిగి "అబ్బ!" అనేవారు. ఎడమవైపు ఒక్కరూ తిరిగేవారు కాదు. కొమరయ్యకి రోజంతా ఒకటే పని, పసిడికి ఎన్ని "అబ్బ"లు వచ్చాయో వింటూ కుళ్ళుకోవడం.

"ఏముంది దానిలో? కాస్త రంగేగా!" అనేవాడు.

"కాస్త కాదు బాబాయ్, ఒళ్ళంతా రంగే," అనేది నత్త.

"నోర్ముయ్!"

ఆ ఏడు మూడు రోజుల సెలవులు వచ్చాయి. ఈసారి తనవైపు తిప్పుకోకపోతే తను కొరమేనే కాదని కొమరయ్య శపథం పట్టాడు.

మొదటి రోజు తల కిందికీ తోక పైకీ పెట్టి నిలబడ్డాడు. ఒక చిన్నపిల్ల ఆగింది. కొమరయ్య గుండె ఝల్లుమంది.

"అమ్మా, ఈ చేప చచ్చిపోయింది," అంది ఆ పిల్ల.

కాపలావాడు వచ్చి కర్రతో డొక్కలో పొడిచి చూశాడు. తోక ఆడాక వెళ్ళిపోయాడు.

రెండో రోజు నీళ్ళలోంచి ఎగిరి ధబాలున పడ్డాడు. ఒక తాతగారి పట్టు కండువా తడిసి ముద్దయింది.

"ఛీ ఛీ, మడి బట్ట!" అని ఆయన మూతి తిప్పుకుని పసిడి దగ్గరికి పోయాడు. అక్కడ కండువా పిండుకుంటూనే "అబ్బ!" అన్నాడు.

కొమరయ్యకి ఏడుపొకటే తక్కువ. అప్పుడు నత్త మెల్లగా అంది:

"బాబాయ్, నీకు రంగు లేకపోతేనేం, కండ ఉందిగా! బురదంతా కడిగేసి, గాజుకి ఒళ్ళానించి, ఈ కొసనుంచి ఆ కొసదాకా చూపించు."

మూడో రోజు కొమరయ్య ఎండుకర్రకి ఒళ్ళు రుద్దుకున్నాడు. నల్లగా నిగనిగలాడాడు. గాజుకి ఆనుకుని బారుగా నిలబడ్డాడు.

లంక ఊరి నుంచి నాంచారమ్మ వచ్చింది, కుటుంబమంతటితో. గుమ్మం దాటింది. ఎడమవైపు తిరిగింది.

"అబ్బ! ఏం కండే అచ్చాయమ్మా! ఇలా రా, చూడు!"

ఆమె ఆడపడుచు అచ్చాయమ్మ పరుగున వచ్చింది. "అబ్బబ్బ! వీపు చూడు వదినా, ఎంత వెడల్పో!"

రెండు "అబ్బ"లు కాదు, మూడు! కొమరయ్య పసిడివైపు ఓ చూపు విసిరాడు. ఇటు తిరిగి చూపించాడు, అటు తిరిగి చూపించాడు. జనం మూగారు.

అప్పుడు నాంచారమ్మ లొట్టలేసింది.

"దీన్ని మామిడికాయ ముక్కలేసి పులుసు పెట్టాలి."

"అదేం మాట వదినా! కొరమేనుకి చింతపండే. మర్నాటికి ఇంకా బాగుంటుంది."

"మీ ఇంట్లో మర్నాటిదాకా ఎవరు ఉంచుతారే?"

"మీ అన్నయ్య తినకుండా ఉంటే ఉంటుంది!"

కొమరయ్య తోక ఆగిపోయింది. మేడలో సగం మంది మామిడికాయ అన్నారు, సగం మంది చింతపండు అన్నారు. గోల విని రాజే వచ్చాడు. సంగతి విన్నాడు. గుటక మింగాడు.

"రేపు మధ్యాహ్నం సగం మామిడికాయతో, సగం చింతపండుతో వండిద్దాం. మీరిద్దరూ భోజనానికి వచ్చి తీర్పు చెప్పండి," అన్నాడు.

జనం వెళ్ళాక కొమరయ్య పసిడివైపు గాజుకి ఆనుకున్నాడు. ఇన్నాళ్ళూ దాచుకున్నది బయటపెట్టాడు.

"పసిడీ, ఇదంతా నీమీద కుళ్ళుతోనే చేశాను."

"అయ్యో అన్నయ్యా," అంది పసిడి. "నేనేమో నిన్ను చూసి కుళ్ళుకుంటున్నాను. ఒక్క పూట కునుకు తీయనివ్వరు. నా గాజు మీద తట్టని వేలు లేదు. నీలా బురదలో పడుకుంటే ఎంత సుఖమో అనుకునేదాన్ని."

"అదిగో!" అంది నత్త. "బాబాయ్, ఎవరికీ కనబడకపోవడం నీకు చేతనైనంతగా ఎవరికి చేతనవును?"

మర్నాడు వంటవాడు వరాలయ్య వలతో వచ్చాడు. తొట్టెలోకి చూశాడు. బురద. కళ్ళు నులుముకుని చూశాడు. బురద, కర్ర. మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. బురద, కర్ర, నత్త. వల దించి దేవితే కర్రే వచ్చింది.

"ప్రభూ, చేప లేదు," అన్నాడు.

బురదలో కొమరయ్య ఊపిరి బిగబట్టి, జీవితంలో మొదటిసారి, ఎవరూ తనని చూడకూడదని మొక్కుకున్నాడు.

రాజు ఆ పూట బెండకాయ పులుసుతో సరిపెట్టుకున్నాడు. దానికి మామిడికాయా, చింతపండా అని నాంచారమ్మా అచ్చాయమ్మా మళ్ళీ మొదలుపెట్టారు. ఆ గోలలో కొరమేను సంగతి అందరూ మరిచారు.

ఆనాటి నుంచి పసిడికి "అబ్బ" వినబడినప్పుడల్లా కొమరయ్య బురదలోంచి తనూ "అబ్బ" అనేవాడు. హాయిగా ఆవలిస్తూ.

ఇదంతా నీకెలా తెలుసు అంటారా? చెప్పక తప్పదు. ఆ నత్తని నేనే. ఒళ్ళు రుద్దుకోమని సలహా ఇచ్చింది నేనే. సరదాకే ఇచ్చాను, ఒట్టు.

ఇంకొకటి కూడా ఉంది. చెబితే నవ్వకూడదు. ఆ మూడో రోజు జనమంతా పులుసు గురించి పోట్లాడుకుంటుంటే, నేను గాజుకి అతుక్కుని, కొమ్ములు రెండూ చాచి ఎదురుచూశాను. నన్ను దేనితో వండితే బాగుంటానో ఒక్కరైనా అంటారేమోనని. ఒక్కరూ అనలేదు. ఆ పూటంతా కొమరయ్యని చూసి కుళ్ళుకుంటూ గుల్లలోనే ముడుచుకుని కూర్చున్నాను.

కాబట్టి పిల్లలూ, పక్కవాడికి దక్కింది మనకీ కావాలనుకునే ముందు అదేమిటో కాస్త కనుక్కోండి. అసూయతో చూసేవాడికి పులుసు గిన్నె కూడా సింహాసనంలాగే కనిపిస్తుంది.