ఐదు తలపాగాల సీమ

ఒకానొక రాజ్యానికి కొట్టకొసన ముల్లకోన అనే సీమ ఉండేది. పేరుకే సీమ. పది కోసుల నేల, పదకొండు గడపలు. రాజు గంభీరరాయలికి అది కంటగింపు. ఐదుగురు అధికారులు లేని సీమను పక్క సీమలో కలిపేయాలని శాసనం చేసి, ఎనిమిది మంది మంత్రులతో తానే బయల్దేరాడు. అదే జరిగితే ముల్లకోనవాళ్ళు ఏ చిన్న తగువుకైనా తీర్పు కోసం మూడు రోజులు నడవాలి.

చావడి దగ్గర ఎర్ర తలపాగాతో ముసలి ఓబులప్ప ఎదురొచ్చి, తాను ఊరి రెడ్డినన్నాడు.

"గుర్రాలకు దప్పికైంది" అన్నాడు రాజు.

"చెలమలో తాపించండి మారాజా."

అని లోపలికెళ్ళి, నీలం తలపాగాతో తిరిగొచ్చాడు. "ఎవురయ్యా చెలమలోకి గుర్రాల్ని దించేది? అవి మనుషులు తాగే నీళ్ళు. వాగుకాడికి తోలుకపోండి!"

రాజు తెల్లబోయాడు. "ఇప్పుడే కదా తాపించమన్నావు?"

"అన్నది రెడ్డి. నేను నీరుగంటిని. నీళ్ళ పెత్తనం నాది."

రాజుకు ఒళ్ళు మండింది. "పిలువు ఆ రెడ్డిని!"

ఎర్ర తలపాగా వచ్చింది. "వాడంతే మారాజా. నా మాట కూడా వినడు."

"పొగరుబోతు! వాణ్ణి..." అంటూ రాజు ఆగిపోయాడు. తాను ఎవరి మీద ఎవరికి ఫిర్యాదు చేస్తున్నాడో ఆయనకే అంతుబట్టలేదు. ఈలోగా పచ్చ తలపాగాతో కరణం వచ్చి, రెడ్డిదీ నీరుగంటిదీ ఇద్దరిదీ తప్పేనన్నాడు. రాజుకు తల తిరిగింది.

"చాలించు! అందరూ నువ్వే. ఇది మోసం!"

"మోసం కాదు మారాజా. మా తాతలనాడు ఇక్కడ మున్నూరు గడపలు. ఏడేండ్లు వాన లేక జనం వలసపోయినారు. అధికారులు పోతా పోతా ఐదు పాగాలూ ఈ చావడి గోడ కొయ్యలకు తగిలించి, వచ్చేదాకా పని ఆగకూడదన్నారు. ఎవరి పాగా చుట్టుకుంటే ఆ మనిషి మాదిరే ఆలోచించాల. అది మా కట్టుబాటు."

"ఒక్కడు ఐదుగురెలా అవుతాడు?"

"తమ మంత్రుల్నే అడగండి. ముల్లకోనను కలిపేయడం న్యాయమేనా అని."

రాజు అడిగాడు. "న్యాయమే ప్రభూ!" అన్నారు ఎనిమిది మందీ ఒక్క గొంతుతో.

"మరి కలపకుండా ఉంచేయడమో?" అందించాడు ఓబులప్ప. రాజు అయోమయంగానే అదీ అడిగాడు.

"అదీ న్యాయమే ప్రభూ!"

"చూసినారా? ఇక్కడ ఒక్కడే ఐదుగురు. అక్కడ ఎనిమిది మందీ ఒక్కడే. శాసనం ప్రకారం కలపాల్సింది తమ కొలువునే. మా సీమలో కలపండి, చావడిలో చోటుంది."

రాజు మంత్రుల వంక చూశాడు. వాళ్ళు ఇంకా తలలూపుతూనే ఉన్నారు. ఆయనకు నవ్వు ఆగలేదు. ముల్లకోన ఎప్పటికీ ముల్లకోనగానే ఉంటుందని మాటిచ్చి, తన జరీ తలపాగా తీసి బహుమతిగా ఇచ్చాడు.

ఓబులప్ప దాన్ని కళ్ళకద్దుకుని కొయ్యకు తగిలించాడు.

"చుట్టుకోవేం?"

"చుట్టుకుంటే తమరి మాదిరే ఆలోచించాల గదా మారాజా. ఈ సీమ ఏమైపోవాల?"

రాజు పగలబడి నవ్వి, గుర్రాలను వాగుకాడికి తోలించాడు.