ఎవరి నిప్పు?

కొండ మీద ఒక ఊరుంది. అది చదువుకునేవాళ్ల ఊరు. ఏడాదికోసారి కింది నుంచి కొత్తవాళ్లు వస్తారు. వచ్చినవాళ్లకి తలా ఒక గది ఇస్తారు. గదిలో పొయ్యి ఉంటుంది, పక్కనే కట్టెల మోపు ఉంటుంది. నిప్పు మాత్రం ఉండదు.

నిప్పు ఎవరికి వాళ్లే తెచ్చుకోవాలి. అందుకోసమే వచ్చిన మొదటి రోజున అక్కడ జాతర పెడతారు. పాతవాళ్లంతా పందిళ్లు వేసుకుని కూర్చుంటారు. తెల్లారాక కాపలా ముసలాయన సుద్దముక్క పట్టుకుని గదిగదికీ తిరుగుతాడు. "ఎవరి నిప్పు?" అని అడుగుతాడు. ఏ పందిరి పేరు చెబితే ఆ పందిరి గుర్తు తలుపు మీద గీస్తాడు.

పొగ రాని గది దగ్గర ఏమీ అడగడు. లోపలున్నవాళ్ల మూట తీసుకెళ్లి, కిందికి దిగే దారిలో పెట్టి వస్తాడు. ఆ చలిలో నిప్పు లేకుండా ఎవరూ నిలవలేరు. ఆయనకి వాళ్ల మీద కోపమేమీ ఉండదు.

ఆ ఏడాది పక్కపక్క గదుల్లో ఇద్దరాడపిల్లలు దిగారు. ఒకతె మాటకారి. ఇంకొకతె నోట్లో నాలుక లేని పిల్ల.

ఆ నోరులేని పిల్లకి వాళ్లమ్మ ఒక పిడక ఇచ్చి పంపింది. "నిప్పు అడగడానికి ఉత్త చేతులతో పోకూడదే" అని మాత్రం చెప్పింది.

మాటకారి దాన్ని చూసి పకపకా నవ్వింది.

"ఇదేంటే తల్లీ! చదువుకోడానికి వస్తూ పిడకలు తెచ్చుకుంటారా? గేదెని కూడా తోలుకు రావాల్సింది."

"అమ్మ ఇచ్చింది."

"దాచెయ్, దాచెయ్. నలుగురి కంటా పడితే మన వరసకి పశువుల పాక అని పేరు పెట్టేస్తారు."

నోరులేని పిల్ల పిడకని ఓణీ కింద పెట్టి, నడుముకి అదుముకుంది. ఇద్దరూ జాతరకి బయల్దేరారు.

జాతరంతా కేకలే.

"పాటల మంట! పాటల మంట! గొంతు లేకపోయినా రండి, మాక్కూడా లేదు!"

"నాటకాల మంట! పైసా ఖర్చు లేకుండా ఏడిపిస్తాం!"

"కుస్తీ మంట! ఏమ్మా ఓణీ పిల్లా, నువ్వు గాలికి ఎగిరిపోయేలా ఉన్నావు, నువ్వే ముందు రావాలి!"

ప్రతి పందిరి ముందూ కాగితాలు పంచుతున్నారు. కాగితం మీద మంట బొమ్మ. ఎర్రది ఒకరిది, నీలిది ఒకరిది. అసలు నిప్పు పందిరి వెనక కుంపట్లో ఉంది. వెనక్కి వెళ్లి, కాసేపు కూర్చుని చలి కాచుకుంటే ఇస్తారు. ఇందులో రహస్యమేమీ లేదు, అడిగితే ఎవరైనా చెబుతారు. ముందువైపు సందడిలో చాలామందికి అడగాలని తోచలేదు.

మాటకారి ఒక్క పందిరిని కూడా వదల్లేదు. అన్నిచోట్లా పేరు చెప్పింది, అన్నిచోట్లా నవ్వింది, అన్నిచోట్లా కాగితం పుచ్చుకుంది. సంచీ నిండిపోయింది.

"ఎన్ని మంటలొచ్చాయో చూడవే! నీకేవీ?"

నోరులేని పిల్లకి చేతులు ఖాళీ లేవు. రెండూ ఓణీ కింద ఉన్నాయి. కాగితం ఇవ్వబోయినవాళ్లకి తల అడ్డంగా ఊపింది. పొగరనుకుని వాళ్లు ఊరుకున్నారు. నిప్పు అడగాలని ప్రతి పందిరి దగ్గరా ఆగింది. ఆగిన ప్రతిసారీ వెనకున్నవాళ్లు తోసుకుంటూ ముందుకెళ్లారు.

ఎండ వాలింది. పందిళ్లు విప్పడం మొదలుపెట్టారు. చిట్టచివర ఒక పందిరి మిగిలింది. అక్కడ కేకలు లేవు, కాగితాలు లేవు. ఒక పొడుగామె దారికి వీపు పెట్టి కుంపటి దగ్గర కూర్చుని ఉంది.

నోరులేని పిల్ల వెళ్లి వెనక నిలబడింది. అక్కా అని పిలుద్దామనుకుంది. ఆ మాట పెదాల దాకా రాలేదు.

"నిలబడితే పొగ కళ్లల్లో పడుతుంది. కూర్చో" అంది పొడుగామె, తల తిప్పకుండానే.

కూర్చుంది. ఇద్దరూ కాసేపు చలి కాచుకున్నారు.

"పొద్దుట్నుంచీ ఒక్కరూ రాలేదు. మాది చుక్కలు చూసే పందిరి. పగటిపూట ఏం చూపించి పిలవమంటావు?"

నోరులేని పిల్లకి నవ్వొచ్చింది. నవ్వాక అడగగలిగింది.

"నిప్పు కావాలక్కా."

"తీసుకెళ్లు. దేంట్లో పట్టుకెళ్తావు?"

సిగ్గుపడుతూనే పిడక బయటికి తీసింది. పొడుగామె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"తడిసిందే ఇది."

పగలంతా ఒంటికి అదుముకోవడంతో చెమటకి మెత్తబడింది.

"ఎందుకు దాచావు?"

పిల్ల తల దించుకుని ఓణీ సర్దుకుంది. పొడుగామె మళ్లీ అడగలేదు. ఒక నిప్పు కణిక తీసి పిడక మీద పెట్టి, పైన కాస్త బూడిద చల్లింది.

"ఊదుకుంటూ పో. ఆ పైన నీ అదృష్టం."

దారంతా ఊదుకుంటూనే వెళ్లింది. గదికి చేరి పిడకని కట్టెల కింద పెట్టింది. బోలెడంత పొగ వచ్చింది, మంట రాలేదు. కణిక చుట్టూ ఎరుపు తగ్గుతూ వచ్చింది.

పక్క గదిలో మాటకారి సంచీలో బొమ్మలన్నీ పొయ్యి చుట్టూ పేర్చుకుని కూర్చుంది. అరచేతులు చాపి చూసింది. వెచ్చగా లేదు. ఇంకోసారి చాపింది. అప్పుడు గోడ మీది సందులోంచి పొగ వచ్చి కళ్లు మండించింది. లేచి వచ్చి తలుపు బాదింది.

"పొమ్మనలేక పొగ పెడుతున్నావేంటే?"

లోపలికొచ్చి చూసి ఆగిపోయింది.

"ఊదవే మరి! చచ్చిపోతోంది!"

"ఊదుతూనే ఉన్నా. పిడక తడిసింది."

"ఎలా తడిసింది?"

"దాచమన్నావుగా."

మాటకారి గబగబా వెళ్లి బొమ్మలన్నీ మళ్లీ సంచీలో వేసి తెచ్చి నేల మీద బోర్లించింది. ఒక కాగితం తీసింది, మళ్లీ పక్కన పెట్టేసింది.

"పాటలవాళ్లది వద్దే. వాళ్లు నన్ను చెల్లీ అని పిలిచారు."

"ముందు కుస్తీవాళ్లది వెయ్" అంది నోరులేని పిల్ల.

మాటకారి ఆమె ముఖంలోకి చూసి పడీపడీ నవ్వింది. కుస్తీ కాగితం అంచు నల్లబడి ముడుచుకుంది. నాటకాల కాగితం భగ్గుమంది. ఒకతె ఊదుతుంటే ఒకతె వేస్తూ పోయింది. ఆఖరికి పాటలవాళ్లది కూడా వేసింది. అప్పటికి కట్టె అంటుకుంది.

చలి కాచుకున్నాక మాటకారి లేచింది. తలుపు దాకా వెళ్లి నిలబడింది. జాతరలో అందరినీ పలకరించిన పిల్ల, కొంచెం నిప్పు మాత్రం అడగలేకపోయింది.

నోరులేని పిల్ల పిడకలో పొయ్యి సెగకి ఎండిన సగం విరిచి, దాని మీద ఒక కణిక పెట్టింది.

"ఉత్త చేతులతో ఎలా పట్టుకెళ్తావు?" అని అందించింది.

తెల్లారింది. కాపలా ముసలాయన వచ్చాడు. రెండు గదుల్లోంచీ పొగ వస్తోంది.

"ఎవరి నిప్పు?" అని నోరులేని పిల్లని అడిగాడు.

"చుక్కలవాళ్ల దగ్గర తెచ్చాను. గదికొచ్చాక చచ్చిపోబోయింది. అదిగో, ఆమె బతికించింది. ఆమెదే."

ఆయన పక్క తలుపు దగ్గరికి వెళ్లాడు.

"దాని మాట నమ్మకండి తాతా. నా దగ్గరున్నవి ఉత్త బొమ్మలు. నిప్పు దానిదే" అంది మాటకారి.

ముసలాయన రెండు తలుపుల మధ్య నిలబడ్డాడు. ఆయనకి తెలిసిన గుర్తులన్నీ పందిళ్లవే. చివరికి సుద్దముక్కని రెండుగా విరిచి చెరొకటి ఇచ్చాడు.

"మీరే గీసుకోండి."

ఇద్దరూ ఒకరి తలుపు దగ్గరికి ఒకరు వెళ్లారు.

ఏం గీశారో చూడ్డానికి ముసలాయన ఆగలేదు. ఆ వరసలో పొగ రాని గదులు ఇంకా చాలా ఉన్నాయి.