సబ్బు ముక్కకు అంటిన బురద

మూడేళ్లు ఒళ్లు వంచి రాసిన నివేదిక అచ్చయి వచ్చింది. మత్స్య పరిశోధన సంస్థలో పెద్దవాళ్లంతా హైమను మెచ్చుకున్నారు. కానీ ఎవరి దగ్గర నేర్చుకుని రాసిందో ఆ కొర్లయ్య మాత్రం, పుస్తకం ముందు పెట్టి అరగంటైనా, ఒక్క మాట అనలేదు. ముసలాయన పొగడ్తలకు పిసినారి అని ఆమెకు తెలుసు గాని, మరీ ఇంతా?

కొర్లయ్య డెబ్భై దాటిన జాలరి. సంస్థవాళ్లు మత్స్యకారులతో కలిసి చేపల లెక్క తీద్దామని వచ్చినప్పుడు, "ఈళ్లకి సెబితే రేపు మన వలలే పీకించేత్తారు" అని పేటంతా మొహం చాటేసింది. ఆయనొక్కడే హైమను తెప్ప ఎక్కించుకున్నాడు. పొట్ట నిమిరి గుడ్లున్న చేపను పోల్చుకోవడం, నీటి రంగు చూసి లోతు చెప్పడం ఆయన నేర్పినవే. చేప పొడవు కొలిచి రాయడం ఆమె ఆయనకు నేర్పింది. బడి గడప తొక్కని మనిషి తడి చేతులతో వంకరటింకర అంకెలు వేస్తుంటే హైమకు ఎంత ముచ్చటేసేదో!

నిరుడు ఆయన తన దాపరికం కూడా ఆమె చేతిలో పెట్టాడు. సముద్రం మీంచి ఒడ్డుకు చూస్తే కొండ కొన, ఒంటి తాడిచెట్టు ఒకే వరసలోకి వచ్చే చోటొకటి ఉంది. అక్కడ నీటి అడుగున రాతి దిబ్బ. బొంత చేపలు ఏటా అక్కడికే వచ్చి గుడ్లు పెడతాయి. ఇలాంటి గుర్తులు ఆ పేటలో తండ్రి కొడుక్కి మాత్రమే చెబుతాడు, అదీ తెప్ప మీద, గొంతు తగ్గించి. కొర్లయ్య కొడుకు తుపానులో పోయాడు.

"ఆ చోటు తెలిస్తే అక్కడ వేట ఆపించొచ్చు తాతా" అని హైమ అడిగితే, మూడు రోజులు ఆలోచించి చెప్పాడు.

ఇప్పుడు నివేదిక మధ్యలో రంగుల పటం ఉంది. హైమ దాని మీద వేలు పెట్టింది.

"ఇదిగో మన దిబ్బ. కింద నీ పేరు కూడా వేయించాను. వేట ఆపమని పైకి రాశాం, ఉత్తర్వు రావడమే తరువాయి."

కొర్లయ్య పటం మీదికి వంగి చూశాడు.

"ఈ బుక్కు ఎవులెవులు సూసినారమ్మా?"

"అచ్చులో ఇప్పుడే వచ్చింది గాని, నెట్‌లో పెట్టి నాలుగు నెలలైంది. ఎవరైనా చూసుకోవచ్చు."

ఆయన లేచి పంచె బిగించాడు. "రా, తెప్ప తోద్దాం."

తాడిచెట్టు మెల్లగా జరిగి కొండ కొన కిందికి వచ్చాక కొర్లయ్య ఇంజను ఆపాడు. తాడుకు కట్టిన సీసం గుండు తీశాడు. దాని అడుగున చిన్న గుంట. అందులో సబ్బు ముక్క మెత్తాడు. నేల మీద ఏముంటే అది ఆ సబ్బుకు అంటుకుని పైకొస్తుంది.

"ఏసి సూడు."

నిరుడు ఇక్కడే మొదటిసారి గుండు వేసినప్పుడు, రాయి తగిలిన దెబ్బ హైమ వేళ్లకు టక్కున తెలిసింది. సబ్బుకు ఎర్రటి పగడపు పొడి, గుల్ల పెంకులు అంటుకొచ్చాయి. వాటిని చిన్న డబ్బీలో పోసి తన బల్ల మీద పెట్టుకుంది.

ఇవాళ దెబ్బ తెలియలేదు. గుండు మెత్తగా దిగబడింది. పైకి లాగితే సబ్బు నిండా నల్లటి బురద.

ఆమె తుడిచి మళ్లీ వేసింది. మళ్లీ బురదే. తెప్ప కాస్త జరిపించి ఇంకోవైపు వేసింది.

"చోటు తప్పామేమో తాతా."

కొర్లయ్య ఒడ్డుకేసి చూశాడు. కొండా, చెట్టూ ఉన్నచోటే ఉన్నాయి.

అయిదోసారి బురదతోపాటు ఆకుపచ్చ నైలాను పోగు ఒకటి వచ్చింది. సముద్రం అడుగంతా ఊడ్చుకుపోయే పెద్ద మరబోట్ల వలది. రాళ్లను కూడా దొర్లించేలా వాటికి ఇనుప గొలుసులు కడతారు. పటం చూసుకుని అవి ఎన్నిసార్లు వచ్చి వెళ్లాయో!

హైమ గుండు ఒళ్లో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. కొర్లయ్య ఊరుకోబెట్టలేదు. ఆయన కళ్లు నీళ్లమీదే ఉన్నాయి. ఏటా ఆ దిబ్బకు వచ్చే చేపలు ఈ ఏడూ వస్తాయి, వచ్చి వెతుక్కుంటాయి.

"తిట్టు తాతా. ఒక్క మాటైనా అను."

ఆయన ఆమె ఒళ్లోంచి గుండు తీసుకుని, బురద సబ్బును గోటితో గీరి ఆమె అరచేతిలో పెట్టాడు.

"మా అయ్య నాకు రెండు నేర్పినాడమ్మా. గుర్తెలా సూడాలో ఒకటి, ఎవులికి సెప్పకూడదో ఒకటి. నాను నీకు ఒకటే నేర్పినాను."

ఇంజను తాడు లాగాడు. ఒడ్డు చేరేదాకా పక్కనే అన్ని నీళ్లున్నా, హైమ ఆ చెయ్యి కడుక్కోలేదు.